పిన్నులూ తీగలూ: సూపర్ కంప్యూటర్ లోపలి దారుల కథ

సూపర్ కంప్యూటర్ గురించి పత్రికలో వార్త వచ్చినప్పుడల్లా అందులో ప్రాసెసర్లు ఎన్ని, సెకనుకు చేసే లెక్కలు ఎన్ని అన్న రెండు అంకెలు తప్పకుండా ఉంటాయి. ఆ ప్రాసెసర్లను ఒకదానితో ఒకటి కలిపిన ఏర్పాటు గురించి మాత్రం ఒక్క వాక్యం కూడా కనబడదు. వేల ప్రాసెసర్లను ఒకే హాల్లో వరసగా నిలబెట్టినంత మాత్రాన అది ఒక కంప్యూటర్ అయిపోదు. ఒకటి వేసిన లెక్క ఫలితం పక్కదానికి సమయానికి అందకపోతే ఆ పక్కది చేతులు కట్టుకుని కూర్చుంటుంది. 2 గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే ప్రాసెసర్‌కు ఒక్క మైక్రోసెకండు నిరీక్షణ అంటే రెండు వేల గడియార టిక్కులు వృథా అయినట్టే లెక్క.

కొన్నేళ్లుగా క్లస్టర్ల (ఒకే యంత్రంలా పనిచేసేలా కలిపిన కంప్యూటర్ల గుంపుల) నెట్‌వర్కులతోనే నా పని కావడం వల్ల ఈ విషయం మీద నాకు కొంత పక్షపాతం ఉందని ముందే చెప్పుకోవాలి. పాఠ్యపుస్తకాల్లో ఈ అధ్యాయం రింగు, మెష్, టోరస్, హైపర్‌క్యూబ్, ఫ్యాట్ ట్రీ అంటూ బొమ్మల పట్టికలా ఉంటుంది. ఒక్కోదానికి వ్యాసం (అతి దూరపు రెండు కొసల మధ్య గెంతులు) ఎంత, లింకులు ఎన్ని అని పరీక్షలో అడుగుతారు. ఏ ఆకారాన్ని ఏ కాలంలో ఎందుకు ఎంచుకున్నారో, తర్వాత ఎందుకు వదిలేశారో ఆ పట్టిక చెప్పదు. నాకు తెలిసినంతలో దానికి జవాబు గణితంలో కంటే ఖర్చులోనే ఎక్కువగా దొరుకుతుంది. చిప్పుకు ఉండే పిన్నులు, బోర్డులను కలిపే తీగలు, యంత్రాలుంచే బీరువాల మధ్య సాగే ఆప్టికల్ (కాంతితో సమాచారం మోసే) కేబుళ్లు, వీటిలో ఏ కాలంలో ఏది ప్రియమో దాన్ని పొదుపు చేసే ఆకారమే ఆ కాలంలో నెగ్గింది.

అందరికీ ముందుగా తట్టే ఏర్పాటు ఒకే ఉమ్మడి మార్గం, అంటే బస్. నాలుగైదు ప్రాసెసర్ల వరకు అది బాగానే పనిచేస్తుంది, ఆ పైన వంతుల కోసం తోపులాట మొదలవుతుంది. దానికి పూర్తిగా ఎదురు కొసన ఉండేది క్రాస్‌బార్: ప్రతి ప్రవేశానికీ ప్రతి నిర్గమానికీ నడుమ ఒక మీట ఉంటుంది కాబట్టి ఎవరి దారికీ ఎవరూ అడ్డురారు. 1970లలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కట్టిన సి.ఎంఎంపీ యంత్రంలో 16 పీడీపీ-11 కంప్యూటర్లను 16 మెమరీ విభాగాలతో కలిపింది ఇలాంటి క్రాస్‌బారే. చిక్కల్లా మీటల సంఖ్య వర్గంగా పెరగడంలో ఉంది: పది వేల కొసలకు పది కోట్ల మీటలు కావాలి. ఈ చిక్కుకు మందు కంప్యూటర్ల వాళ్లకంటే ముందే టెలిఫోన్ వాళ్లకు దొరికింది. బెల్ ల్యాబ్స్‌లో చార్లెస్ క్లాస్ 1953లో ప్రచురించిన వ్యాసంలో, చిన్న చిన్న క్రాస్‌బార్లను మూడు అంచెలుగా పేర్చి, నడిమి అంచెలో సరిపడినన్ని పెడితే ఏ కాల్ మరొక కాల్‌ను ఆపదని నిరూపించాడు. ఆయన సూత్రం ప్రకారం 36 కొసల దగ్గర 1,296 మీటలకు బదులు 1,188 చాలు, ఆదా స్వల్పమే. అదే పది వేల కొసలకైతే పది కోట్లకు బదులు 59 లక్షల 70 వేలు చాలు. నేడు డేటా సెంటర్లలో కనబడే స్విచ్చుల అమరికలో అధిక భాగం ఆ వ్యాసానికి మనవలూ మునిమనవలే.

కంప్యూటర్ల వాళ్లు మాత్రం 1980లలో వేరే దారి పట్టారు. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో చార్లెస్ సైట్జ్, జెఫ్రీ ఫాక్స్ బృందాలు కట్టిన కాస్మిక్ క్యూబ్ 1983లో పనిచేయడం మొదలుపెట్టింది. అందులో 64 నోడ్లు (నెట్‌వర్కులో కలిసిన ఒక్కో చిన్న కంప్యూటర్ ఒక నోడ్), ఒక్కోదానిలో అప్పటి పర్సనల్ కంప్యూటర్లకు దగ్గరి చుట్టమైన ఇంటెల్ 8086, దానికి తోడుగా దశాంశ లెక్కలు చేసే 8087, 128 కిలోబైట్ల మెమరీ ఉండేవి. ఒక్కో నోడ్‌కు ఆరుగురు పొరుగువారు. నోడ్ల సంఖ్యలను ద్వయాంశ పద్ధతిలో రాస్తే, ఒకే ఒక్క బిట్టులో తేడా ఉన్నవాళ్లు పొరుగువారవుతారు, ఇదే హైపర్‌క్యూబ్. ఇందులో దారి వెదకడం ఎంత సులువో ఒక ఉదాహరణతో చూడవచ్చు. 010110 అనే నోడ్ నుంచి 110011 అనే నోడ్‌కు సందేశం వెళ్లాలనుకుందాం. రెండింటినీ బిట్టు బిట్టుగా పోల్చి, తేడా ఉన్నచోట 1 వేస్తే 100101 వస్తుంది. మూడు ఒకట్లు ఉన్నాయి కాబట్టి ప్రయాణం మూడు గెంతులు. ఏ గెంతు ఏ లింకు మీదనో కూడా ఆ ఒకట్ల స్థానాలే చెబుతాయి. పటం అక్కర్లేదు, పట్టిక అక్కర్లేదు. అంతటి అందమైన ఏర్పాటు మీద ఆ దశాబ్దపు పరిశోధకులు మోజు పడ్డారంటే ఆశ్చర్యం లేదు. 1985లో ఇంటెల్ ఇదే ఆకారంలో ఐపీఎస్‌సీ యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది.

డానీ హిలిస్ స్థాపించిన థింకింగ్ మెషీన్స్ సంస్థ తన తొలి యంత్రమైన కనెక్షన్ మెషీన్‌లో ఈ ఆలోచనను చివరికంటా లాగింది. 65,536 బుల్లి ప్రాసెసర్లను చిప్పుకు 16 చొప్పున 4,096 చిప్పుల్లో పెట్టి, ఆ చిప్పులను 12 పరిమాణాల (డైమెన్షన్ల), అంటే ఒక్కోదానికి 12 మంది పొరుగువారుండే హైపర్‌క్యూబ్‌గా కలిపారు. అక్కడ వేసవిలో పనికి చేరిన రిచర్డ్ ఫైన్‌మన్‌కు అప్పగించినది సరిగ్గా ఈ యంత్రపు రౌటర్ (సందేశాలకు దారి చూపే భాగం) విశ్లేషణే. దారిలో సందేశాలు ఒకదాన్నొకటి ఢీకొన్నప్పుడు ఆగడానికి ఒక్కో చిప్పులో ఎన్ని బఫర్లు (సందేశాన్ని తాత్కాలికంగా దాచే అరలు) ఉండాలన్నది ప్రశ్న. ఇంజినీర్లు తమ పద్ధతిలో లెక్కవేసి ఏడు కావాలన్నారు. ఫైన్‌మన్ బిట్ల ప్రవాహాన్ని భౌతికశాస్త్రవేత్తకు అలవాటైన అవకలన సమీకరణాలుగా రాసుకుని ఐదు చాలన్నాడు. ఎందుకైనా మంచిదని ఆయన మాటను పక్కన పెట్టి ఏడుతోనే ముందుకు వెళ్లారు. తీరా చూస్తే ఏడు బఫర్లున్న చిప్పు అప్పటి తయారీకి లొంగనంత పెద్దదయింది. గత్యంతరం లేక ఐదుకు దిగారు, ఐదే సరిపోయాయి. ఈ ఉదంతాన్ని ఫైన్‌మన్ ప్రతిభకు నిదర్శనంగా చెబుతుంటారు. నాకు మాత్రం ఇందులో ముఖ్యంగా కనబడేది చిప్పు మీద జాగా: రెండు బఫర్ల చోటు కోసం అంత పెద్ద సంస్థ తర్జనభర్జన పడవలసి వచ్చిన రోజులవి.

ఆ పరిమితి ఆకారాన్ని ఎలా శాసిస్తుందో చూడాలంటే ట్రాన్స్‌ప్యూటర్‌ను మించిన ఉదాహరణ లేదు. బ్రిటన్‌లోని ఇన్‌మోస్ సంస్థ 1980ల మధ్యలో తెచ్చిన ఈ చిప్పులో ప్రాసెసర్‌తో పాటు నాలుగు సీరియల్ లింకులు కూడా ఉండేవి. రాకకు ఒకటి, పోకకు ఒకటి చొప్పున ఒక్కో లింకుకు రెండే తీగలు. ఆ తీగ మీద ఒక బైటు వెళ్లే తీరు ఇది: ముందు రెండు ఒకట్లు, తర్వాత ఎనిమిది బిట్ల సమాచారం, చివర ఒక సున్నా, అంటే మొత్తం 11 బిట్లు. దానికి అవతలి చిప్పు ఒక ఒకటి, ఒక సున్నా కలిసిన రెండు బిట్ల రసీదు పంపేది. ఆ రసీదు అందనిదే తర్వాతి బైటు బయలుదేరదు. ఈ శ్రేణిలోని తర్వాతి చిప్పు టీ800 వచ్చేసరికి బైటు రావడం మొదలవగానే రసీదు పంపే వెసులుబాటు ఏర్పడి, ఆలస్యం తగ్గింది. లింకు వేగం సెకనుకు 2 కోట్ల బిట్లయినా ఈ ముందు వెనకల బిట్ల వల్ల సెకనుకు 18 లక్షల బైట్లకు మించి వెళ్లడం సాధ్యం కాదు. లింకులు నాలుగే కాబట్టి హైపర్‌క్యూబ్ కట్టాలంటే 16 నోడ్ల దగ్గర ఆగిపోవాలి. అంతకు మించి పెద్దది కావాలంటే గళ్ల వలలా చదునైన మెష్, లేదా దాని అంచులను కలిపిన టోరస్, అదీ కాకపోతే మధ్యలో విడిగా ఒక స్విచ్ చిప్పు పెట్టుకోవాలి. అంటే రూపకర్త కాగితం ముందు కూర్చోకముందే ఆకారం సగం తేలిపోయింది.

మన దేశపు సూపర్ కంప్యూటర్ పరం 8000 పుట్టింది ఈ చిప్పులతోనే. అమెరికా నుంచి క్రే సంస్థ సూపర్ కంప్యూటర్లు తెచ్చుకోవడానికి ఎగుమతి ఆంక్షలు అడ్డుపడిన నేపథ్యంలో 1988లో పుణెలో సీడాక్ అనే ప్రభుత్వ కంప్యూటింగ్ పరిశోధన సంస్థ ఏర్పడింది. విజయ్ భట్కర్ నాయకత్వంలో 1991 నాటికి 64 ట్రాన్స్‌ప్యూటర్ల యంత్రం సిద్ధమైంది. ఒక్క ప్రాసెసర్ వేగంతో క్రేను అందుకోలేమని తెలిసినవాళ్లు, బజారులో దొరికే చిప్పుల లింకుల మీద ఆధారపడి వెళ్లిన దారి అది. హైదరాబాద్‌లో డీఆర్‌డీఓకు చెందిన అనురాగ్ ప్రయోగశాల అదే కాలంలో విమానాల చుట్టూ గాలి ప్రవాహాలను లెక్కించడానికి పేస్ అనే సమాంతర యంత్రాన్ని కట్టింది. మన దగ్గర ఈ రంగం గురించి మాట్లాడినప్పుడు పరం పేరు వినబడినంతగా పేస్ పేరు వినబడకపోవడం నాకు వెలితిగానే ఉంటుంది.

హైపర్‌క్యూబ్ మోజుకు గండి కొట్టినవాడు విలియం డాలీ. కాల్‌టెక్‌లో సైట్జ్ దగ్గరే చదువుకున్న ఆయన వేసిన ప్రశ్న చాలా మొరటైనది: యంత్రాన్ని సరిగ్గా మధ్యకు కోస్తే ఎన్ని తీగలు తెగుతాయి? ఎన్ని పరిమాణాల ఊహాలోకంలో గీసుకున్నా చివరికి ఆ నెట్‌వర్కును పరచవలసింది మన మూడు పరిమాణాల గదిలో, రెండు పరిమాణాల బోర్డు మీదనే. ఆ మధ్య కోతలో పట్టే తీగలు ఇన్నే అని బిగిస్తే, హైపర్‌క్యూబ్ వాటిని వేల సన్నని లింకులుగా పంచుకోవాలి, టోరస్ కొద్దిపాటి వెడల్పాటి లింకులుగా పంచుకుంటుంది. సన్నని లింకు మీద గెంతులు తక్కువే కానీ సందేశం మొత్తం బయటపడడానికే ఆలస్యమవుతుంది. వెడల్పాటి లింకు మీద గెంతులు ఎక్కువైనా ఒక్కో గెంతు చిటికెలో పూర్తవుతుంది. 1990లో వచ్చిన ఆయన విశ్లేషణ తర్వాత తక్కువ పరిమాణాల నెట్‌వర్కులకు గౌరవం పెరిగింది.

అయితే గెంతులు ఎక్కువైనా ఫరవాలేదనడానికి ముందు మరొక పని జరగాలి. కాస్మిక్ క్యూబ్‌లో ప్రతి మజిలీలోనూ ప్యాకెట్ (ఒకేసారి పంపే సందేశపు మూట) పూర్తిగా వచ్చి నిలిచాకే ముందుకు కదిలేది. సెకనుకు ఒక గిగాబైటు వేగమున్న లింకు మీద 1,024 బైట్ల ప్యాకెట్ ఇలా పది గెంతులు వేస్తే, ఒక్కో గెంతుకు సుమారు ఒక మైక్రోసెకండు చొప్పున పది మైక్రోసెకండ్లవుతుంది. సైట్జ్, డాలీ అభివృద్ధి చేసిన వార్మ్‌హోల్ పద్ధతిలో ప్యాకెట్ తల వచ్చీ రాగానే దారి తేల్చుకుని కదిలిపోతుంది, ఒళ్లంతా ముక్కలు ముక్కలుగా దాని వెంటే సాగుతుంది. ఒక్కో రౌటర్ దగ్గర తల 50 నానోసెకండ్లు ఆగిందనుకున్నా పది గెంతులకు అర మైక్రోసెకండు, ఒళ్లు బయటపడడానికి ఒక మైక్రోసెకండు, మొత్తం ఒకటిన్నర. దూరం దాదాపు లెక్కలోకే రాకుండా పోయింది. బఫర్ కూడా ప్యాకెట్ అంత ఉండనక్కరలేదు, ముక్క పట్టేంత ఉంటే చాలు.

ఈ పద్ధతికి ఒక జబ్బు ఉంది. తల ఆగిపోతే ఒళ్లు వెనకటి నాలుగైదు లింకుల మీద అలాగే పడి ఉంటుంది. రింగులో నాలుగు నోడ్లున్నాయి, ప్రతి నోడూ ఒకే సమయంలో సవ్యదిశలో రెండు గెంతుల దూరానికి సందేశం పంపింది అనుకోండి. మొదటి గెంతు అందరికీ దొరుకుతుంది. రెండో గెంతుకు కావలసిన లింకు మాత్రం ముందున్నవాడి చేతిలో ఉంటుంది, వాడికి కావలసింది వాడి ముందువాడి దగ్గర, చివరివాడికి కావలసింది మొదటివాడి దగ్గర ఉంటుంది. నాలుగు ఇరుకు వీధులు కలిసే మొగలో నాలుగు ఆర్టీసీ బస్సులు ఒకదాని తోకకు మరొకటి అడ్డంగా ఇరుక్కున్నప్పుడు హారన్లు ఎంత మోగినా ప్రయోజనం ఉండదే, అదే పరిస్థితి. ఇక్కడ వెనక్కి తీయించే కానిస్టేబుల్ కూడా ఉండడు. 1987లో డాలీ, సైట్జ్ చూపిన చికిత్స ఇలా ఉంటుంది: ఒకే తీగ మీద రెండు వేర్వేరు బఫర్ల వరసలు, అంటే రెండు వర్చువల్ ఛానెళ్లు పెట్టి, రింగులో ఒకచోట గీత గీస్తారు. గీత దాటని ప్యాకెట్లు మొదటి వరసలో, దాటినవి రెండో వరసలో ప్రయాణిస్తాయి. రెండో వరసలో ఉన్నది మళ్లీ మొదటి వరస కోసం ఎదురుచూడదు కాబట్టి నిరీక్షణల గొలుసు ఎక్కడో ఒకచోట తెగుతుంది. తీగ ఒక్కటి కూడా అదనంగా పెట్టకుండా, కేవలం కొద్దిపాటి మెమరీ, ఒక నియమంతో ఈ జబ్బును తప్పించిన తీరు నాకు ఈ రంగం మొత్తంలో అన్నింటికంటే ఇష్టమైనది.

వార్మ్‌హోల్ పద్ధతి, వర్చువల్ ఛానెళ్లు, ఈ రెండూ చేతికి వచ్చాక 1990లలో టోరస్‌కు మంచిరోజులు వచ్చాయి. 1993లో క్రే టీ3డీ మూడు పరిమాణాల టోరస్‌తో వచ్చింది. 2005 నాటికి అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో ఐబీఎం బ్లూ జీన్/ఎల్ 65,536 నోడ్లతో, 64×32×32 టోరస్‌గా నిలిచింది. రౌటర్ ప్రాసెసర్ చిప్పులోనే ఇమిడిపోయింది కాబట్టి విడిగా స్విచ్చు కొనే పనే లేదు. దీన్ని అదే సంఖ్యలో నోడ్లున్న హైపర్‌క్యూబ్‌తో పోల్చి చూస్తే బేరం ఏమిటో అర్థమవుతుంది. హైపర్‌క్యూబ్‌లో నోడ్‌కు 16 లింకులు, గరిష్ఠ దూరం 16 గెంతులు, మధ్యకు కోస్తే తెగే లింకులు 32,768. టోరస్‌లో నోడ్‌కు ఆరే లింకులు, గరిష్ఠ దూరం 64 గెంతులు, తెగేవి 2,048. వాతావరణ నమూనాలలో ప్రతి గడీ ప్రధానంగా పక్క గడీతోనే మాట్లాడుతుంది కాబట్టి ఆరు లింకులు చాలు. ఫూరియర్ పరివర్తనలలో అందరూ అందరితో మాట్లాడవలసి వచ్చినప్పుడు మాత్రం ఆ 2,048 లింకుల దగ్గర ఇరుకు తెలుస్తుంది.

టోరస్ బొమ్మలో చివరి నోడ్ నుంచి మొదటి నోడ్‌కు వెనక్కి వచ్చే పొడవాటి తీగను చూసి విద్యార్థులు అనుమానపడతారు; మిగతా తీగలన్నీ జానెడుంటే అదొక్కటే హాలు పొడవునా ఉండాలి కదా అని. నిజంగా కట్టేటప్పుడు నోడ్లను 0, 1, 2, 3 అని వరసగా పెట్టరు. ఎనిమిది నోడ్ల రింగునైతే 0, 7, 1, 6, 2, 5, 3, 4 అన్న వరసలో బీరువాల్లో అమర్చుతారు. ఇప్పుడు 0 నుంచి 1కి రెండు స్థానాల దూరం, 3 నుంచి 4కు ఒక స్థానం, 7 నుంచి 0కి ఒక స్థానం. ఏ తీగా రెండు స్థానాలను మించదు. మడతపెట్టిన టోరస్ అంటే ఇంతే.

జపాన్‌లోని కోబేలో ఉన్న ఫుగాకు ఈ వంశంలో పెద్దది. 1,58,976 నోడ్లు, 24×23×24×2×3×2 అన్న ఆరు పరిమాణాల టోఫు-డీ నెట్‌వర్కు. చివరి మూడు చిన్న పరిమాణాలు వేగం కోసం మాత్రమే పెట్టినవి కావు. లక్షన్నర నోడ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి చెడిపోక తప్పదు. చెడిన నోడ్ చుట్టూ తిరిగిపోయి, ప్రోగ్రాముకు మాత్రం ఏ వెలితీ లేని మూడు పరిమాణాల టోరస్ కనబడేలా చేయడానికి ఆ 12 నోడ్ల చిన్న కట్టలు ఉపయోగపడతాయి.

టోరస్ వంశానికి పోటీగా ఎదిగింది ఫ్యాట్ ట్రీ. 1985లో చార్లెస్ లైసర్సన్ ప్రతిపాదించిన ఈ ఏర్పాటులో నోడ్లు ఆకులు, స్విచ్చులు కొమ్మలు. మొదలుకు దగ్గరయ్యేకొద్దీ మార్గం లావెక్కుతుంది. థింకింగ్ మెషీన్స్ 1991లో తెచ్చిన సీఎం-5లో హైపర్‌క్యూబ్‌ను వదిలేసి దీనికే మళ్లారు. అందులో నలుగురు పొరుగువారి మధ్య నోడ్‌కు సెకనుకు 20 మెగాబైట్లు, పదహారుగురి మధ్య 10, అంతకు మించిన దూరానికి 5 దొరికేవి. అంటే అందరూ చెప్పుకునేంత లావు మొదలు అందులోనూ లేదు, డబ్బు చాలినంతే లావు. లాస్ అలమోస్‌లోని 1,024 నోడ్ల సీఎం-5 యంత్రం 1993 జూన్‌లో వెలువడిన, అతి వేగవంతమైన సూపర్ కంప్యూటర్ల తొలి టాప్500 జాబితాలో మొదటి స్థానంలో నిలిచింది.

ఇన్ఫినీబ్యాండ్ అనే వేగవంతమైన నెట్‌వర్కుతో కలిపిన క్లస్టర్ల కాలంలో ఈ చెట్టును కట్టే పద్ధతి దాదాపు వంటింటి లెక్కంత సులువైంది. 36 పోర్టుల స్విచ్చులే దొరుకుతాయనుకుందాం. కింది వరసలో 36 స్విచ్చులు పెట్టి, ఒక్కోదానిలో 18 పోర్టులు సర్వర్లకు, 18 పైకి ఇస్తారు. పై వరసలో 18 స్విచ్చులుంటాయి. మొత్తం 54 స్విచ్చులతో 648 సర్వర్లు, రెండు వరసల మధ్య 648 కేబుళ్లు. అమ్మేవాళ్లు దీన్ని నాన్-బ్లాకింగ్ అంటారు, కాగితం మీద అది అబద్ధం కాదు: ఎవరు ఎవరితో మాట్లాడతారో ముందే చెబితే ఎవరూ ఢీకొనని దారులు పంచవచ్చు. కానీ నడుస్తున్న యంత్రంలో క్షణక్షణానికీ దారులను తిరిగి పంచేవారు ఎవరూ లేరు. ఇన్ఫినీబ్యాండ్‌లో మామూలుగా గమ్యాన్ని బట్టి దారి ముందే నిర్ణయమై ఉంటుంది, కాబట్టి వేర్వేరు గమ్యాలకు వెళ్లే రెండు ప్రవాహాలు ఒకే పై లింకు మీద పడితే, పక్క లింకు ఖాళీగా ఉన్నా, రెండూ సగం సగం పంచుకోవలసిందే.

కేబుళ్ల దగ్గర మరొక రకం చిక్కు ఉంటుంది, అది పుస్తకాల్లో అసలు కనబడదు. పూర్తిగా తెగిన లింకు ఎర్రదీపం చూపిస్తుంది, గంటలో మార్చేస్తారు. బాధపెట్టేది సగం చచ్చిన లింకు. నాలుగు జతల తీగలు కలిసి సెకనుకు 40 గిగాబిట్లు ఇవ్వవలసిన లింకులో ఒక జత పాడయితే, రెండు కొసలూ చర్చించుకుని నాలుగింటికి బదులు ఒకే జత మీద, 10 గిగాబిట్ల దగ్గర రాజీ పడతాయి. దీపం పచ్చగానే ఉంటుంది. ఆ లింకు మీదుగా వెళ్లే ప్రోగ్రాములు మాత్రమే, అదీ కొన్ని నోడ్లు వాటి వంతుకు వచ్చినప్పుడు మాత్రమే, నత్తనడక నడుస్తాయి. మిగతా 600 నోడ్లు ఆ ఒక్కదాని కోసం ఎదురుచూస్తాయి. ఒకచోట ఇలాంటిదే జరిగినప్పుడు ప్రోగ్రాము రాసినవాళ్లను, కంపైలర్‌ను, చివరికి ఏసీని కూడా అనుమానించాక గానీ ఎవరూ లింకు వెడల్పుల జాబితా తీయించలేదు. ఆ జాబితాలో 4ఎక్స్ అని ఉండవలసిన వందల వరసల మధ్య ఒకే ఒక్క 1ఎక్స్ ఉంది. తీసి చూస్తే లోపం పెద్దదేమీ కాదు, కేబుల్‌ను బీరువా తలుపు వేయడానికి మరీ బిగువుగా వంచారు. అప్పటి నుంచీ ఏ క్లస్టర్‌ను చూసినా నేను ముందుగా అడిగేది ఆ జాబితానే.

2000ల మధ్యకు వచ్చేసరికి లెక్క మళ్లీ తిరగబడింది. చిప్పు నుంచి బయటికి పోయే ఒక్కో జత తీగల వేగం విపరీతంగా పెరిగింది. ఉన్న వేగమంతటినీ ఆరు లావుపాటి లింకులకు పంచడం కంటే 64 సన్నపాటి లింకులకు పంచి గెంతులు తగ్గించడమే మేలని తేలింది. తక్కువ పరిమాణాలే మేలన్న డాలీయే, జాన్ కిమ్ తదితరులతో కలిసి ఈ ఎక్కువ పోర్టుల రౌటర్ల వాదాన్నీ ముందుకు తెచ్చాడు. ఆయన మాట మార్చలేదు, కింద ధరలు మారాయి. 2008లో వాళ్లు ప్రతిపాదించిన డ్రాగన్‌ఫ్లై అనే ఆకారం కళ్లముందు పెట్టుకున్నది ఆప్టికల్ కేబుల్ ఖరీదును. రాగి తీగ చవక, కానీ వేగం పెరిగేకొద్దీ రెండు మూడు మీటర్లు దాటి పనిచేయదు; ఆ పైన కాంతి కావాలి, కాంతికి రెండు కొసల్లోనూ ఖరీదైన మాడ్యూళ్లు కావాలి. కాబట్టి దగ్గరి నోడ్లను రాగితో గట్టిగా ఒక గుంపుగా కట్టి, గుంపుకు గుంపుకు మధ్య మాత్రమే ఆప్టికల్ వేసి, మామూలుగా ఏ సందేశమైనా అలాంటి కేబుల్‌ను ఒక్కసారి మాత్రమే దాటేలా చూస్తారు.

దీనికి ఉదాహరణ మన దేశంలోనే ఉంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థలో 2018లో ప్రారంభమైన ప్రత్యూష్ ఒక క్రే ఎక్స్‌సీ40. దాని లోపల ఉన్నది ఏరీస్ అనే రౌటర్ చిప్పుల డ్రాగన్‌ఫ్లై. ఒక్కో ఏరీస్ నాలుగు నోడ్లను పట్టుకుంటుంది. ఒక చట్రంలోని 16 ఏరీస్‌లు వెనక పలకలోని తీగల ద్వారా అందరితో అందరూ కలిసి ఉంటాయి; రెండు బీరువాల్లోని ఆరు చట్రాలను రాగి కేబుళ్లు కలుపుతాయి. అలా 384 నోడ్లు ఒక గుంపవుతాయి, ఆ పైన ఆప్టికల్. 2022లో ఎక్సాఫ్లాప్ (సెకనుకు ఒకటి పక్కన 18 సున్నాలన్ని లెక్కలు) గీత దాటిన అమెరికా యంత్రం ఫ్రాంటియర్‌లో ఇదే వంశానికి చెందిన స్లింగ్‌షాట్ నెట్‌వర్కు ఉంది: స్విచ్చుకు 64 పోర్టులు, పోర్టుకు సెకనుకు 200 గిగాబిట్లు, తొమ్మిది వేలకు పైగా నోడ్ల మధ్య ఎక్కడికైనా స్విచ్చు నుంచి స్విచ్చుకు మూడు గెంతులకు మించని ప్రయాణం.

డ్రాగన్‌ఫ్లైకి సహజమైన బలహీనత ఒకటుంది. ఒక గుంపులోని వందల నోడ్లన్నీ ఒకేసారి మరొకే గుంపుతో మాట్లాడాలనుకుంటే వాటి మధ్య నేరుగా ఉన్న కొద్దిపాటి కేబుళ్ల మీద భారమంతా పడుతుంది. దీనికి విరుగుడు 1980ల ఆరంభంలో లెస్లీ వాలియంట్ చెప్పిన, వినగానే వింతగా తోచే ఉపాయం: సందేశాన్ని ముందు సంబంధం లేని ఏదో ఒక గుంపుకు పంపి, అక్కడి నుంచి గమ్యానికి పంపడం. ప్రయాణం రెట్టింపవుతుంది, కానీ ఏ ఒక్క కేబులూ నలిగిపోదు. ఎప్పుడు నేరుగా వెళ్లాలి, ఎప్పుడు చుట్టు తిరగాలి అన్నది ఒక్కో ప్యాకెట్‌కూ స్విచ్చే తన క్యూల నిడివి చూసి నిర్ణయిస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినదంతా సందేశాన్ని మార్చకుండా మోసే నెట్‌వర్కుల గురించి. దారిలోనే లెక్క చేయించాలన్న కోరిక కూడా పాతదే. వేల నోడ్ల దగ్గరున్న సంఖ్యలను కూడి, మొత్తాన్ని అందరికీ చెప్పడం సమాంతర ప్రోగ్రాముల్లో నిత్యకృత్యం. సీఎం-5లో దీనికోసం విడిగా ఒక నియంత్రణ నెట్‌వర్కు ఉండేది. బెంగళూరులోని విమానయాన పరిశోధనశాల ఎన్‌ఏఎల్ 1986లో మొదలుపెట్టిన ఫ్లోసాల్వర్ శ్రేణిలో తర్వాతి యంత్రాలకు ఫ్లోస్విచ్ అనే పరికరాన్ని తయారుచేసుకుంది. సందేశాలను చేరవేస్తూనే వాటి మీద లెక్క కూడా చేయగలగడం దాని ప్రత్యేకత. బ్లూ జీన్/ఎల్‌లోని చెట్టు నెట్‌వర్కు మరీ ముచ్చటైనది. దాని లెక్కల విభాగానికి పూర్ణసంఖ్యలు మాత్రమే తెలుసు. అందుకని దశాంశ సంఖ్యలను కూడవలసి వచ్చినప్పుడు మొదటి విడతలో అందరి ఘాతాంకాల్లో (సంఖ్య ఏ స్థాయిదో చెప్పే భాగాల్లో) పెద్దది ఏదో కనుక్కునేవారు. రెండో విడతలో అందరూ తమ సంఖ్యలను దానికి సరిపడేలా జరిపి పూర్ణసంఖ్యలుగా పంపేవారు. పూర్ణసంఖ్యల కూడిక ఏ వరసలో చేసినా ఒకే జవాబు ఇస్తుంది కాబట్టి, ఫలితం చివరి బిట్టు వరకు ప్రతిసారీ ఒకేలా వచ్చేది. 2016 ప్రాంతంలో నెట్‌వర్కు పరికరాల సంస్థ మెల్లనాక్స్ తన ఇన్ఫినీబ్యాండ్ స్విచ్చుల్లో షార్ప్ పేరుతో కూడికను పెట్టినప్పుడు దాన్ని సరికొత్త ఆలోచనగా ప్రచారం చేయడం చూసి నాకు కొంచెం నవ్వు వచ్చింది. అయితే వాడకం అప్పటికి నిజంగానే మారింది. కృత్రిమ మేధ నమూనాల శిక్షణలో ఒక్కో అంచెలో కూడవలసినవి ఒకటీ రెండూ కావు, కోట్ల సంఖ్యలు. రింగు పద్ధతిలో ప్రతి ప్రాసెసర్ తన సమాచారానికి దాదాపు రెండింతలు పంపాలి. స్విచ్చే కూడితే ఒక్కసారి పంపితే చాలు.

ఆ శిక్షణ యంత్రాల కోసం నేడు రెండు శిబిరాలు రెండు పాత ఆకారాలను తిరిగి తవ్వి తీశాయి. గూగుల్ కృత్రిమ మేధ కోసం చేసుకున్న నాలుగో తరం టీపీయూలో 4,096 చిప్పులు మూడు పరిమాణాల టోరస్‌గా ఉంటాయి. 4×4×4 చొప్పున 64 ఘనాలుగా విభజించి, ఘనం లోపల రాగి, ఘనాల మధ్య కాంతి వాడారు. ఆ కాంతి వెళ్లేది మామూలు స్విచ్చుల గుండా కాదు, బుల్లి అద్దాలను తిప్పి దారి మళ్లించే ఆప్టికల్ స్విచ్చుల గుండా. అద్దం కోణం మారిస్తే టోరస్ ఆకారమే మారుతుంది. ఒక ఘనం చెడితే మరొకటి దాని చోటుకు వస్తుంది. ఇటు ఎన్విడియా 2024లో ప్రకటించిన 72 జీపీయూల (శిక్షణ లెక్కలు చేసే చిప్పుల) బీరువాలో క్రాస్‌బార్ స్ఫూర్తినే నమ్ముకుంది. ఒక్కో జీపీయూకు 18 లింకులు, బీరువాలో 18 స్విచ్ చిప్పులు, ప్రతి జీపీయూ నుంచి ప్రతి స్విచ్చుకూ ఒక లింకు. ఎవరి దగ్గరికైనా ఒక్క స్విచ్చు దూరం. ఆ బీరువా వెనక అయిదు వేలకు పైగా రాగి తీగలున్నాయి. ఆప్టికల్ వాడి ఉంటే మాడ్యూళ్లకే కిలోవాట్ల కొద్దీ కరెంటు అదనంగా అయ్యేది. అందుకే అంత సాంద్రంగా జీపీయూలను కుక్కి, అంతటినీ ద్రవంతో చల్లబరిచి, రాగికి అందే దూరంలోనే అన్నీ ఉండేలా చూశారు.

బీరువా దాటాక రాగి చేతులెత్తేస్తుంది. సెకనుకు 800 గిగాబిట్ల ఒక్కో ఆప్టికల్ మాడ్యూల్ సుమారు 15 వాట్లు తింటుంది. స్విచ్చుకు 64 తగిలిస్తే మాడ్యూళ్లకే దాదాపు ఒక కిలోవాటు. అందులో పెద్ద భాగం కాంతిని పుట్టించడానికి కాదు, స్విచ్ చిప్పు నుంచి ముందు పలక దాకా బోర్డు మీద ఒక జానెడు దూరం పాకి వచ్చేసరికి నలిగిపోయిన విద్యుత్ సంకేతాన్ని మళ్లీ సాపు చేయడానికి అవుతుంది. 2025లో ఎన్విడియా, అంతకు ముందే బ్రాడ్‌కామ్, లేజర్ తప్ప మిగతా ఆప్టికల్ భాగాలను స్విచ్ చిప్పు పక్కనే, అదే పొట్లంలో పెట్టిన స్విచ్చులను చూపించింది ఆ జానెడు దూరాన్ని తప్పించడానికే. వాటిలో ఒక ఆప్టికల్ భాగం పాడయితే మాడ్యూల్‌లా లాగి మార్చడం కుదరదు కదా, మొత్తం స్విచ్చునే విప్పాలా అన్నది ప్రస్తుతం నాలాంటి వాళ్లను వేధిస్తున్న ప్రశ్న. లేజర్లను మాత్రం విడిగా ముందు పలకలోనే ఉంచారు, ఎందుకంటే ఎక్కువగా చెడిపోయేవి అవే.